కట్ట గలదు, నీరడి యేడి?
పురుగుమందుల తనిఖీకి ధనబలము కావలెను

మన పాలమూరు, నల్లగొండ సీమలలో చెరువు లేని యూరు అరుదు. చెరువునకు కట్ట యెంత ముఖ్యమో, తూము కడ నిలిచి నీరు వదలు నీరడి అంత ముఖ్యుడని ప్రతి రైతునకును తెలియును. కట్ట ఒకసారి వేసినచో తరములు నిలుచును. నీరడి యట్లు కాదు. అతడు దినదినము తూమును చూచుకొనవలెను. పంట వచ్చినపుడు రైతులందరు కల్లములో అతనికి మేర కొలువవలెను. మేర కొలువని యూర నీరడి వేఱొక పనికి పోవును. అప్పుడు కట్ట యెంత గట్టిదైనను కడపటి మడి యెండిపోవును.

పురుగుమందుల విషయమున మన దేశమునకు కట్ట కలదు. అది 1968వ సంవత్సరపు క్రిమిసంహారక మందుల చట్టము. ఆ చట్టమును దినదినము నడపు నీరళ్లు తగినంతమంది కలరా, వారికి కొలువవలసిన మేర సరిగా కొలువబడుచున్నదా అను ప్రశ్నను మేము ఈ మాసము సభ్యుల యెదుట నుంచుచున్నాము. ఇది రాజధానిలోని అధికారులకు మాత్రమే సంబంధించిన విషయమని తలపరాదు. కల్తీ మందు కొని పంట పోగొట్టుకొనువాడు మనవాడు. పంపు వీపున కట్టుకొని విషపు ఆవిరి పీల్చువాడును మనవాడే.

చట్టము పుట్టిన విధము

1958వ సంవత్సరపు వేసవిలో కేరళమునందును, దాని పొరుగున నున్న మద్రాసు రాష్ట్ర భాగమునందును గొప్ప విపత్తు సంభవించెను. ఫోలిడాల్ అను పేర వచ్చిన పారాథియాన్ విషపు పెట్టెలును, తిండిసరుకులును ఓడలో కలిసి రవాణా యయ్యెను. విషము కారి గోధుమపిండి బస్తాలలోనికి దిగెను. ఆ పిండితో చేసిన తినుబండారములు తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ పిమ్మట జస్టిస్ జె. సి. షా గారి అధ్యక్షతన విచారణ సంఘ మేర్పడెను. అంతవరకు విషపదార్థములకు సాధారణమైన చట్ట మొకటి యుండెనే గాని, పురుగుమందులకై ప్రత్యేకమైన చట్టము లేకుండెను. పది సంవత్సరములకు, అనగా 1968లో, చట్టము వచ్చెను. 1971లో దాని నిబంధనలు వచ్చెను.

ఈ చట్టము ప్రకారము ప్రతి మందును అమ్మకమునకు రాకముందే ఫరీదాబాదులోని రిజిస్ట్రేషను కమిటీ కడ నమోదు కావలెను. అది పురుగును చంపునా, మనుష్యునకును పశువునకును దాని వలన కలుగు హాని యెంత అను రెండు సంగతులను ఆ కమిటీ విచారింపవలెను. అంగడి పెట్టుటకు లైసెన్సు నిచ్చుట, అంగళ్లను తనిఖీ చేయుట, నమూనాలను పరీక్షించుట రాష్ట్ర ప్రభుత్వము వంతు. సీసాపై విషపు తీవ్రతను దెలుపు రంగుగుర్తు ఉండవలెను. ఎరుపు అత్యంత విషమునకు, పసుపు అధిక విషమునకు, నీలము మధ్యమ విషమునకు, ఆకుపచ్చ స్వల్ప విషమునకు గుర్తులు. ఎరుపు గుర్తుపై పుర్రె బొమ్మయు నుండును. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రమున అది విషము కాదని కాదు. తక్కినవాని కంటె తక్కువ విషమని మాత్రమే అర్థము.

చూడబోయిన చట్టమున లోపము కొంత యుండవచ్చును గాని ఎముకలు గట్టివే. 2008లోను, మరల 2020లోను దీనికి బదులుగా నూతన బిల్లులు రాజ్యసభలో ప్రవేశపెట్టబడెను. బిల్లు యేదైనను, అంగడి గడప దొక్కి సీసాను చేతబట్టి చూచు మనుష్యుడు లేనిచో అక్షరములు అక్షరములుగానే యుండును.

ఒక సీసా వెంట నడచి చూతము

ఈ మాట నిజమో కాదో యెఱుగుటకు ఒక సీసా వెంట నడచి చూచుట మేలు. పత్తిచేనిలో పురుగు పడినదనుకొందము. రైతు అంగడికి పోయి మందు తెచ్చి కొట్టెను, పురుగు చావలేదు. మందు కల్తీదని అతడు మండల వ్యవసాయాధికారికి చెప్పెను. మన రాష్ట్రమున ఆ అధికారియే చట్టము ప్రకారము మందుల తనిఖీదారు. విత్తనముల తనిఖీయు, ఎరువుల తనిఖీయు, పంటల లెక్కలును, ప్రభుత్వ పథకముల జాబితాలును కూడ ఆయన మీదనే యుండును.

ఆయన వచ్చి నమూనా తీయును. దానిని మూడు భాగములు చేసి ముద్ర వేయవలెను. ఒకటి అంగడివానికి, ఒకటి విశ్లేషకునికి, ఒకటి న్యాయస్థానమునకు. విశ్లేషకుడు 30 దినములలో నివేదిక నీయవలెనని చట్టము చెప్పుచున్నది. నివేదిక తనకు వ్యతిరేకముగా నున్నచో అమ్మినవాడు 28 దినములలో ఆక్షేపణ తెలుపవచ్చును. అట్లు తెలిపినచో రెండవ నమూనా ఫరీదాబాదులోని కేంద్ర ప్రయోగశాలకు పోవలసి యుండును. నేరము మోపుటకు ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. ఇవి యన్నియు న్యాయమైన రక్షణలే. నిర్దోషియైన వర్తకుడు అన్యాయముగా దండింపబడరాదు.

అయితే పత్తిలో మందు కొట్టుట సాధారణముగా వారము పది దినముల కొకసారి. నివేదిక ముప్పది దినములకు వచ్చినను ఆ లోపల మూడు నాలుగు మార్లు మందు కొట్టుట యైపోవును. అంగడిలోని సరుకంతయు చేలలోనికి చేరును. ప్రయోగశాలలో విశ్లేషకుల స్థానములు ఖాళీగా నుండి, నమూనాలు వరుసలో నిలిచినచో, పంట చేతికి వచ్చిన పిమ్మట నివేదిక వచ్చును. అప్పుడది పోస్టుమార్టము కాగితమే గాని వైద్యము కాదు.

ఇచ్చట ధనము మాట వచ్చుచున్నది. పురుగుమందును పరీక్షించు యంత్రము ఒకసారి కొన్నంతమాత్రమున పని యీయదు. దానికి స్వచ్ఛమైన వాయువులు కావలెను. ప్రతి మందుకును పోల్చి చూచుటకు శుద్ధమైన మాదిరి పదార్థము కావలెను. ఆగని విద్యుత్తు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా నేర్పరియైన విశ్లేషకుడు కావలెను. భవనము కట్టుటకు శంకుస్థాపన యుండును, ప్రారంభోత్సవ ముండును. ఏటేట వాయువుల సీసాలు కొనుటకు ఏ ఉత్సవమును లేదు. కనుకనే మొదటిదానికి ధనము దొరకుట సులభము, రెండవదానికి కష్టము. కాని చట్టమును బ్రదికించునది రెండవదే.

దండన పెంచినచో చాలునని కొందఱందురు. తెలంగాణ ప్రభుత్వము 2018లో ముందస్తు నిర్బంధ చట్టమును సవరించి, కల్తీ విత్తనములు, కల్తీ ఎరువులు, కల్తీ పురుగుమందులు అమ్మువారిని దాని పరిధిలో చేర్చెను. కఠినమైన దండన యవసరమే కావచ్చును. కాని కల్తీ యని ఋజువు చేయునది ప్రయోగశాల. ప్రయోగశాలకు సీసాను చేర్చునది తనిఖీదారు. వీరిద్దఱు బలహీనులైనచో దండన యెంత పెద్దదైనను దొంగకు భయము కలుగదు. దొంగ భయపడునది దండనకు గాదు, దొరకిపోవుదు నేమో యనియే.

మన చేలలోని స్థితి

పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు 2016 తరువాత అనేక జిల్లాలుగా విడిపోయినవి. నేల మాత్రము విడిపోలేదు. కృష్ణకు ఉత్తరమున నున్న ఈ మెట్టసీమయంతయు చెల్క నేలలు, వానను నమ్మిన సేద్యము. ఒకప్పుడు జొన్న, ఆముదము, కంది, పల్లి ముఖ్యమైన పంటలు. ఆముదమున దాసరి పురుగు, ఎఱ్ఱ గొంగళిపురుగు వచ్చినను రైతు సాధ్యమైనంతవరకు చేతితో ఏరుట, మంటలు పెట్టి రెక్కల పురుగులను ఆకర్షించి చంపుట మొదలైన ఉపాయములతో నెట్టుకొని వచ్చెడివాడు. పత్తి వ్యాపించిన పిమ్మట మందు లేని సేద్యము లేదన్న స్థితి వచ్చెను. 2002లో బీటీ పత్తి అనుమతింపబడినపుడు కాయతొలుచు పురుగులకు మందు తగ్గెను. తరువాత గులాబీరంగు పురుగు దానికి లొంగకపోవుటయు, పచ్చదోమ, తెల్లదోమ వంటి రసము పీల్చు పురుగులు ముదురుటయు మరల పంపును వీపునకు ఎక్కించినవి. సాగరు ఎడమకాలువ క్రింద వరికి సుడిదోమ భయము. గద్వాల ప్రాంతపు పత్తివిత్తన క్షేత్రములలో కూలీలు పువ్వు పువ్వునకు చేతితో పుప్పొడి అద్దుదురు. మందు కొట్టిన మొక్కల నడుమనే వారి దినమంతయు గడచును.

ఈ సీమలో మరియొక చిక్కు కలదు. బహుమంది రైతులు, ముఖ్యముగా కౌలుదారులు, మందును అరువు మీద కొందురు. అప్పిచ్చువాడే సలహా చెప్పువాడు, సలహా చెప్పువాడే అమ్మువాడు. అరువు తెచ్చినవానికి సీసాను త్రిప్పి చూచు ధైర్య మెక్కడిది? రసీదు అడుగు నోరెక్కడిది? కొనువాడు తన్ను తాను రక్షించుకొనజాలని చోట ప్రభుత్వపు తనిఖీయే అతనికి రక్షణ. ధనికుడైన రైతు మంచి మందును వెదకి కొనగలడు. తనిఖీ తగ్గినపుడు మొదట చెడువాడు బీదరైతు.

ఇటీవలి కాలమున బయో మందులని పేరు పెట్టుకొని నమోదు లేని సీసాలు పల్లెల అంగళ్లకు వచ్చినవి. పంటను పెంచు బయో పదార్థములలో కొన్నిటిని కేంద్ర ప్రభుత్వము 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి తెచ్చెను. ఇట్లు క్రొత్త సరుకు వచ్చినపుడెల్ల తనిఖీదారునకు పని పెరుగును. పని పెరిగినట్లే చేతులును పెరుగవలెను గదా!

లెక్క లేని మరణములు

మందుల వలన ఎందఱు ఆస్పత్రి పాలగుచున్నారో తెలియనిచో ఏ మందును నిషేధింపవలెనో ఎట్లు తెలియును? చట్టమునందలి 26వ విభాగము ప్రకారము విషప్రమాదములను తెలుపవలసినదని రాష్ట్ర ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. అయితే ఆస్పత్రి పుస్తకమున మందు త్రాగిన కేసు అనియో, మందు కొట్టుచు పడిపోయిన కేసు అనియో మాత్రమే వ్రాసి, ఏ మందో వ్రాయనిచో ఆ లెక్క పనికిరాదు.

2017లో మహారాష్ట్రమునందలి యవత్‌మాళ్ జిల్లాలో పత్తికి మందు కొట్టుచు ఇరువదిమందికి పైగా రైతులు, కూలీలు మరణించిరి. వందలకొలది మంది ఆస్పత్రులలో చేరిరి. యవత్‌మాళ్ నేలయు మన పత్తి నేలయు సోదర నేలలే; పంట ఒకటే, పంపు ఒకటే, విషము ఒకటే. ఆ రాష్ట్ర ప్రభుత్వము కొన్ని మందుల అమ్మకమును తాత్కాలికముగా నిలిపెను. చట్టము ప్రకారము రాష్ట్రము నిలుపగలిగినది 60 దినములు, పెంచినచో మరి 30 దినములు మాత్రమే. శాశ్వతముగా నిషేధించు అధికారము కేంద్రమునది. కేంద్రమునకు కావలసినది సాక్ష్యము. సాక్ష్యము పుట్టవలసినది మన మండలపు ఆస్పత్రి పుస్తకములో.

ఈ పుస్తకపు విలువ దేశము దాటి కూడ పోవును. 1998లో కుదిరిన రోటర్‌డామ్ ఒప్పందము ప్రకారము, బీద దేశము ఏదైనను తన పొలములలో ఒక మందు వలన కలిగిన ప్రమాదములను సరిగా వ్రాసి పంపినచో, ఆ మందును ప్రపంచ జాబితాలో చేర్చవలెనని కోరవచ్చును. భారతదేశము 2005లో ఈ ఒప్పందమును స్వీకరించెను. కాబట్టి పల్లెటూరి ఆస్పత్రిలో ఒక గుమాస్తా సరిగా వ్రాసిన పంక్తి అంతర్జాతీయ సభలో మాట్లాడగలదు. వ్రాయువాడు లేనిచో, లేక వ్రాయుటకు తీరిక లేనిచో, మన కష్టము మన యూరి పొలిమేర దాటదు.

సింహళము చూపిన త్రోవ

బీద దేశమునకు ఇవన్నియు సాధ్యమా యని యడుగువారికి మేము సింహళమును, అనగా శ్రీలంకను, చూపుదుము. ఆ దేశము 1980లో పురుగుమందుల నియంత్రణ చట్టము చేసి, రిజిస్ట్రారు నొకరిని నియమించెను. ఆస్పత్రులలో విషము వలన మరణించువారి లెక్కను వైద్యులు చూచిరి. ఏ మందు వలన మరణము లెక్కువగా నున్నవో ఆ మందును రిజిస్ట్రారు వరుసగా తొలగించెను. పారాథియాన్, మిథైల్ పారాథియాన్ 1984లో పోయెను. మోనోక్రోటోఫాస్ 1995లో పోయెను. ఎండోసల్ఫాన్ 1998లో పోయెను. తరువాత పారాక్వాట్, డైమిథోయేట్, ఫెంథియాన్ మందులును తొలగెను.

దాని ఫలితమేమి? 1995 నుండి 2015 వరకు ఆ దేశమున ఆత్మహత్యల రేటు నూటికి సుమారు 70 వంతులు తగ్గెను. దాదాపు 93,000 ప్రాణములు దక్కెనని పరిశోధకులు లెక్క కట్టిరి. కష్టములు తొలగిపోయినవని కాదు. మనస్సు చెదరిన గడియలో చేతికందు విషము అంత ఘోరమైనది కానపుడు, మనుష్యుడు బ్రదికి బయటపడును. బయటపడినవారిలో పెక్కుమంది తిరిగి కుదుటపడుదురు. మందులను తొలగించినందున పంటల దిగుబడి తగ్గినట్లు కనబడలేదు. ఏలయన ఒక్కొక్క మందును తీయునపుడు దానికి బదులు మందు కలదా లేదా యని విచారించియే తీసిరి.

అదే దేశమున దీనికి విరుద్ధమైన పాఠమును కలదు. 2021లో అక్కడి ప్రభుత్వము రసాయనపు ఎరువులను, పురుగుమందులను అన్నిటిని ఒక్కసారిగా దిగుమతి కాకుండ ఆపెను. పంటలు దెబ్బతినెను, కొన్ని నెలలకే ఆ ఉత్తర్వును వెనుకకు తీసికొనవలసి వచ్చెను. తెలిసి, చూచి, లెక్కించి ఒక్కొక్క విషమును తీయుట వేఱు. తెలియక అన్నిటిని ఒక్కదెబ్బతో తీయుట వేఱు. మొదటిదానికి నేర్పరులైన ఉద్యోగులు కావలెను. రెండవదానికి ఒక సంతకము చాలును. నియంత్రణ యనగానే పంట పోవునని భయపడు రైతులు ఈ భేదమును గమనింపవలెను.

ఇప్పుడు మన లెక్క చూతము. ఎండ్రిన్ 1990లో పోయెను, బి.హెచ్.సి. పొడి 1997లో పోయెను. ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు నిలిపెను. సింహళము 1984లో తీసివేసిన మిథైల్ పారాథియాన్ మన దేశమున 2018లో నిషేధింపబడెను. నడుమ ముప్పదినాలుగు సంవత్సరములు. ఆ 2018 ఉత్తర్వులో పదునెనిమిది మందులు కలవు. వానిలో ఫోరేట్, ట్రయాజోఫాస్ మొదలైన ఆరింటికి 2020 డిసెంబరు 31 వరకు గడు వీయబడెను. మోనోక్రోటోఫాస్ 2005లో కూరగాయలకు మాత్రము వలదనబడెను. 2013లో బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లాలో ఒక బడి మధ్యాహ్న భోజనమున ఆ విషము కలిసి 23 మంది పిల్లలు మరణించిరి. సింహళపు పైరును మన పైరును తిను పురుగులు ఒకటే జాతివి. అక్కడ చేయగలిగినది ఇక్కడ చేయలేకపోవుటకు కారణము పురుగు కాదు. చూచి, వ్రాసి, నిర్ణయించు యంత్రాంగము యొక్క బలహీనత కొంత కారణమని మా యభిప్రాయము.

మేర యెవరు కొలువవలెను?

ఈ పనికి ధన మెక్కడినుండి రావలెను? మూడు త్రోవలు కలవు.

మొదటిది ప్రభుత్వపు బొక్కసము. ఇది రైతు కట్టిన పన్నులలో నుండి వచ్చునది. కనుక అడుగు హక్కు మనకు కలదు. కేంద్ర ప్రభుత్వము 1966లోనే హైదరాబాదులో సస్యరక్షణ శిక్షణ సంస్థను నెలకొల్పెను. అది 2008లో జాతీయ సస్యారోగ్య యాజమాన్య సంస్థగా మారి, రాజేంద్రనగరమున మందుల విశ్లేషకులకు, తనిఖీదారులకు శిక్షణ నిచ్చుచున్నది. అనగా విద్య నేర్పు చోటు మన గడప యెదుటనే యున్నది. నేర్చినవారికి స్థానములు, జీతములు, ప్రయాణపు ఖర్చులు కల్పించుట రాష్ట్రపు విధి.

రెండవది మందులు చేయు కంపెనీల నుండి వసూలు చేయు రుసుము. అమెరికాలో 2004 నుండి కంపెనీలు మందు నమోదునకై చెల్లించు రుసుముతో పరిశీలన ఖర్చులో కొంత భాగము గడచుచున్నది. లాభము పొందువాడు కాపలా ఖర్చు భరించుట న్యాయమే. కాని ఒక జాగ్రత్త కావలెను. కాపలావాని జీతము పూర్తిగా వర్తకుని చేతిలో నున్నచో కాపలావాడు వర్తకుని ముఖము చూచును. కనుక రుసుము నేరుగా బొక్కసమునకు చేరి, అచ్చటినుండి తనిఖీకి కేటాయింపబడవలెను.

మూడవది విదేశీయ సహాయము. 2014లో నైరోబీ నగరమున కూడిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ, రసాయనములను అదుపుచేయు శక్తిని బీద దేశములలో పెంచుటకై ఒక ప్రత్యేక నిధిని ఆమోదించెను. 2024 మార్చిలో భారతదేశముతో కలిపి ఏడు దేశములు, వ్యవసాయమున పురుగుమందుల, ప్లాస్టిక్కుల కాలుష్యమును తగ్గించుటకై 37 కోట్ల 90 లక్షల డాలర్ల కార్యక్రమమును ప్రారంభించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమునందలి ఒక కేంద్రము దాతల ధనముతో మన దేశమునందును నేపాళమునందును ఈ విషయముననే పరిశోధన చేసెను. ఈ సహాయము మంచిదే. అయితే కార్యక్రమమునకు గడువుండును. గడువు తీరిన పిమ్మట ధన మాగును. వచ్చిన ధనముతో మనవారికి విద్య నేర్పించి, లెక్కల పద్ధతి నెలకొల్పి, ఆ తరువాతి ఖర్చును మన ఆయవ్యయ పట్టికలో చేర్చుకొన్నచో అది విత్తనము వలె మొలచును. అట్లు చేయనిచో బయటి ట్యాంకరు నీటితో తడిపిన మడి వలె మరునాటికి ఎండును.

సంఘములు చేయదగినది

ప్రభుత్వమును అడుగుటతో మన పని తీరదు. మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో అనేకము స్వయముగా పురుగుమందులు అమ్ముచున్నవి. కావున సంఘము అమ్మువాడును, సభ్యుడు కొనువాడును, సంఘమునకు యజమాని మరల సభ్యుడే. ఇట్టి స్థితిలో ఇతర అంగడి చేయజాలని పనిని సంఘము చేయగలదు. మేము సభ్యులకు ఈ క్రింది సంగతులను సూచించుచున్నాము.

సంఘపు అంగడిలో ప్రతి సీసాకును రసీదు ఇయ్యవలెను. రసీదుపై మందు పేరు, తయారీ సంఖ్య, గడువు తేదీ వ్రాయవలెను. రసీదు లేనిచో కల్తీ ఋజువు కాదు, నష్టపరిహారము అడుగు త్రోవ యుండదు.

ఎరుపు గుర్తుగల మందులు చట్టమునకు లోబడినవైనను సంఘము వానిని అమ్మకుండ మహాజన సభలో తీర్మానింపవచ్చును. వానికి బదులు ఏవి వాడవచ్చునో పాలెము, కంపాసాగరు పరిశోధన క్షేత్రముల శాస్త్రజ్ఞులను పిలిచి చెప్పించుకొనవచ్చును.

మందు వలన సుస్తీ చేసిన కూలీనో రైతునో ఆస్పత్రికి తీసికొనిపోవునపుడు ఆ మందు డబ్బాను గాని, దాని పైచీటీని గాని వెంట తీసికొనిపోవలెను. ఇందువలన వైద్యునికి విరుగుడు తెలియును. పుస్తకమున మందు పేరు చేరును. కొన్నిటికి అట్రోపిన్ వంటి విరుగుడు కలదు. పారాక్వాట్ వంటి వానికి విరుగుడే లేదు. ఈ భేదము తెలిసినవాడు అంగడిలోనే జాగ్రత్త పడును. మనోవేదనలో నున్నవారికి ప్రభుత్వపు టెలీమానస్ 14416 సంఖ్యపై ఉచితముగా మాటసాయము దొరకును. ఈ సంఖ్యను సంఘపు గోడపై వ్రాయించుట మంచిది.

ప్రతి వానకాలమునకు ముందు మండలమున ఎన్ని నమూనాలు తీసిరి, ఎన్నిటికి నివేదిక వచ్చెను, ఎన్ని దినములకు వచ్చెను, ఎన్ని నాసియని తేలెను అను నాలుగు లెక్కలను రైతువేదికలో తెలుగున వ్రాసి అంటింపవలెనని సంఘములు కోరవలెను. ఈ కోరికకు ఖర్చు లేదు. లెక్క బయటపడినపుడు ఎక్కడ మనుష్యులు తక్కువయో, ఎక్కడ ధనము తక్కువయో తానే తెలియును. అప్పుడు శాసనసభ్యులను, ఆయవ్యయ పట్టిక తయారుచేయువారిని అడుగుటకు మనకు గట్టి ఆధార ముండును.

మందు లేకయే సేద్యము సాధ్యమని చూపిన యూళ్లును మన రాష్ట్రమున కలవు. ఖమ్మము ప్రాంతపు పునుకుల గ్రామము పురుగుమందులు వాడమని ప్రకటించుకొనెను. నల్లగొండ పొరుగున నున్న ఏనబావి గ్రామము 2006 నాటికి సేంద్రియ సేద్యమునకు పూర్తిగా మారెను. అన్ని యూళ్లును ఒక్కనాట అట్లు మారవు. మారువరకు మందు వాడువారిని కాపాడుట ధర్మము. మారిన పిమ్మటను పొరుగూరి విషము వాగులో కలిసి రాకుండ చూచుటకు తనిఖీ కావలసినదే.

సోదరులారా! రోడ్డు వేసిన కనబడును, భవనము కట్టిన కనబడును. తనిఖీదారు ఒక కల్తీ సీసాను పట్టుకొన్నపుడు ఎండిపోకుండ మిగిలిన చేను మన కంటికి కనబడదు. ఆ సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరిన కూలీ తాను దేనినుండి తప్పించుకొనెనో ఎఱుగడు. కనబడని మేలును అడుగువారు తక్కువ. కనుక అడుగవలసిన భారము సంఘముగా కూడిన మన మీదనే యున్నది. రాబోవు మహాజన సభలో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చించి, విశ్లేషకుల ఖాళీలను పూరింపవలెననియు, ప్రయోగశాలల వార్షిక ఖర్చునకు ప్రత్యేకముగా ధనము కేటాయింపవలెననియు తీర్మానము చేసి జిల్లా కలెక్టరు గారికి పంపవలెనని మేము కోరుచున్నాము. తీర్మానముల ప్రతులు మాకు పంపినచో ఈ పత్రికలో ప్రకటింతుము.